ఉల్లికాడల వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "పిన్నిగారూ! మీ పెరట్లో ఉల్లికాడలు రెండు కోసుకెళ్తున్నానండీ!"

అవతారిక: తెనాలిలో ఒకానొక ప్రహరీగోడ దగ్గర, పొయ్యి మీద నూనె కాగుతుండగా పొరుగింటి కోడలు పలికిన వాక్యమిది. కర్త గోడకు అవతల, కర్మ ఇవతల. క్రియ అప్పటికే పూర్తయింది.

టీక: పిన్నిగారూ = చుట్టరికం లేకున్నా, కాడలున్నన్నాళ్ళూ పిన్ని అయినదానా!

మీ పెరట్లో = ఇక్కడ వ్యాఖ్యాతలకు పొత్తు కుదరలేదు. తెనాలివారు బరువు నేల వారు. నీరు నిలిస్తే ఉల్లి వేరు కుళ్ళుతుంది గనుక 'ఎత్తు మడిలో' అని అర్థం చెప్పారు. బాపట్లవారిది ఇసుక. పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది, కాబట్టి 'పశువుల ఎరువు దండిగా కలిపిన మడిలో' అన్నారు. ఆ ఇసుకలో దొరువు తవ్వితే మంచినీళ్ళు పైపైనే దొరుకుతాయి, ఆశపడి లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు గనుక వారి మాటకు కొంత బరువెక్కువ. రేపల్లెవారు ముందు నీళ్ళు నాలుక మీద వేసి చూడమన్నారు. ఉల్లి ఉప్పుకు ఓర్వదు. మూడర్థాలూ గ్రాహ్యాలే.

ఉల్లికాడలు = గడ్డ కోసం కాక ఆకు కోసం పెంచిన ఉల్లి. కొందరు నవీనులు 'లీకులు' అని పాఠాంతరం చూపారు. అది ఈ నేల మీద నిలవదు. లీకుకు నాలుగైదు నెలల చల్లదనం కావాలి, మొదళ్ళు తెల్లబడేందుకు మట్టి ఎగదోస్తూ ఉండాలి. కార్తీకంలో నాటినా, శివరాత్రికి మన చలి శివశివా అంటూ పోతుంది. మొలకెత్తిన ఉల్లిగడ్డను గుచ్చితే కొన్ని వారాలకే కాడ చేతికొస్తుంది.

రెండు = గుప్పెడు.

కోసుకెళ్తున్నాను = మొదట్లో రెండంగుళాలు వదిలి కోసి అని భావం; అప్పుడే మళ్ళీ చిగురిస్తుంది. పీకినచో ఈ వాక్యానికి పునరుక్తి దోషం ఎన్నటికీ పట్టదు.

శంక: ఆకు మొదళ్ళలో తామరపురుగులు దూరి రసం పీల్చి వెండిచారలు పెడుతుంటే పిన్నిగారు పురుగుమందు ఏల కొట్టరు?

సమాధానం: కొడితే కోతకు ముందు కొన్నాళ్ళు ఆగాలి. పిన్నిగారు ఆగుతారు, గోడ మీది చెయ్యి ఆగదు. ఈ మడి సేంద్రియం కావడానికి హేతువు శాస్త్రం కాదు, పొరుగు. అందుకే ఆమె లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లుతారు. కడగకుండా కూరలో వేసుకుని చేదన్నవారికి టీకాకారుడు పూచీ కాడు. ఇక మడికి ఎరువుగా పోసే జీవామృతం కొలతలు మాత్రం ఎకరానికి చెప్పినవి: 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవుమూత్రం, 2 కిలోల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి. పిన్నిగారి మడి మంచమంత. ఆ లెక్క తెగక ఆమె చెంబుతో కొలుస్తారు.

తాత్పర్యం: పిన్నిగారూ, నేను అడగడం లేదు, చెబుతున్నాను. పేడ మీరు పిసికారు, వేపగింజలు మీరు దంచారు, కాడలు నేను కోశాను. సాయంత్రం మీకొక గిన్నె కూర వస్తుంది. గిన్నె ఖాళీగా పంపకండి, నాలుగు పచ్చిమిరపకాయలు వేసినా చాలు.