వెనకపేజీ గారు

మా సూపరింటెండెంటు గారి చేతికి ఏ కాగితం ఇచ్చినా ముందు తిప్పి చూసేవారు. పైఅధికారి మెమో కానివ్వండి, ఆడిట్ వాళ్ల అభ్యంతరం కానివ్వండి, సొంత మేనకోడలి శుభలేఖ కానివ్వండి, ముందు వెనకవైపే. అది ఖాళీగా కనిపిస్తే ఆయన మొహం విప్పారేది. ఆ తరవాత తీరిగ్గా ముందువైపు ఏం రాసుందో చూసేవారు. ఒక్కోసారి అదీ చూసేవారు కాదు. అందుకే సెక్షనంతా ఆయన్ని 'వెనకపేజీ గారు' అని పిలుచుకునేవాళ్లం. ఆ పేరు పెట్టింది నేనే అని ఆయనకు తెలుసునని నా అనుమానం. ఆ కథ తరవాత చెబుతాను.

ఆయన టేబులుకు మూడు సొరుగులు. మొదటి దాన్లో గుండుసూదులు. తపాల్లో వచ్చిన ప్రతి కాగితం నుంచీ పీకి, అగరొత్తుల డబ్బాల్లో దాచినవి. తుప్పు పట్టినవి ఒక డబ్బా, పట్టబోయేవి ఒక డబ్బా. రెండో సొరుగులో పాత ఫైళ్ల నుంచి విడిపించి తెచ్చిన ట్యాగులు. మూడో దాన్లో కార్బన్ పేపర్లు. వాటిని కిటికీ దగ్గర వెలుగుకు ఎత్తిపట్టి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసి, "ఇంకా ఊపిరుందయ్యా, రెండు మెమోలు లాగుతుంది" అనేవారు. టైపు మిషను రిబ్బను వెలిసిపోతే స్టాంపు ప్యాడు సిరా రెండు చుక్కలు వేయించి, తిరగేసి చుట్టించేవారు. రెండు రోజులపాటు మా ఉత్తరాలన్నీ ఊదారంగులో వెళ్లేవి.

కవర్ల సంగతి వేరే చెప్పాలి. వచ్చిన కవరును బ్లేడుతో సుతారంగా విప్పి, లోపలివైపు బయటికి తిప్పి అంటించి, లేదా పాత చిరునామా మీద ఎకానమీ స్లిప్పు వేసి మళ్లీ పంపేవారు. ఒకే కవరు మాకూ ఒక మండలం ఆఫీసుకూ మధ్య నాలుగుసార్లు తిరిగింది. ఐదోసారి తిరిగి రాలేదు. "సదరు కవరు ఏమైనదో తెలియజేయవలెను" అని ఆ ఆఫీసుకు మెమో రాయించారు. కవరు అక్కడే ఉండిపోయింది కాబట్టి ఆ మెమోను కొత్త కవరులో పెట్టాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆయన సరిగా భోంచెయ్యలేదు.

ఆయన్ని అలా తయారుచేసింది కాలమే అనుకుంటాను. రాష్ట్రంలో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన 1985లో ఆయన ఉద్యోగంలో చేరారు. కొత్త మండలం ఆఫీసంటే అద్దె పెంకుటిల్లు, ఒక బల్ల, రెండు కుర్చీలు, తాళం పడని బీరువా. స్టేషనరీకి ఇండెంటు పెడితే అడిగినదాంట్లో సగం, అడగని నెలలో వచ్చేది. కాబట్టి ఆయన పొదుపు పర్యావరణం చదివి నేర్చింది కాదు. లేమిలో పుట్టి, ఆడిట్ భయంతో పెరిగిన పొదుపు అది.

ఇక నా కథ. 2001 వేసవిలో నాకు మొలల ఆపరేషనైంది. జూనియర్ అసిస్టెంటుగా చేరి మూడేళ్లే అయింది కనుక భయభక్తులతో, అవసరానికి మించిన వివరాలతో సెలవు దరఖాస్తు టైపు చేశాను. ఎప్పటి నుంచి, ఎక్కడ, ఎంత బాధ, డాక్టరు ఎన్ని రోజులు కూర్చోవద్దన్నాడు, అన్నీ. ఒరిజినలు పైకి వెళ్లింది. నాలుగు కార్బన్ కాపీలు ఆయన దగ్గర మిగిలాయి. నాలుగింటికీ నాలుగు ఖాళీ వెనకపేజీలు! అప్పుడు నీరు-మీరు కార్యక్రమం జోరుగా సాగుతోంది. ఇంకుడు గుంతలు ఎన్ని తవ్వారో వెంటనే తెలపమని మండలాలకు జ్ఞాపికలు పంపాలి. మూడు మండలాలకు ఆ జ్ఞాపికలు నా మొలల వెనక వెళ్లాయి.

నేను తిరిగి విధుల్లో చేరేసరికి జిల్లాలో నా ఆరోగ్యం ప్రజాసమస్య అయిపోయింది. ఆ మూడు మండలాల నుంచి ఎవరొచ్చినా, "ఇప్పుడు కూర్చోగలుగుతున్నారాండీ?" అని మెల్లగా అడిగేవారు. ఒకాయన అయితే వాళ్ల పెరట్లో కందగడ్డ తవ్వి గుడ్డసంచిలో తెచ్చిచ్చారు. కోపంతో సూపరింటెండెంటు గారి ముందు నిలబడ్డాను, అప్పటికి కూర్చోవడం ఎలాగూ కుదరదు. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఏమయ్యా, ఇంకుడు గుంతల లెక్క మూడు మండలాల నుంచీ మర్నాడే వచ్చేసింది. ఎప్పుడైనా అలా వచ్చిందా? చదివించావు నువ్వు" అన్నారు. పేరు పెట్టింది ఆ సాయంత్రమే. నాలుగో కాపీ ఏమైందో మాత్రం చాలాకాలం తెలియలేదు.

పాడైన వస్తువును పారేయడం కూడా ఆయన రాజ్యంలో తేలిక కాదు. నేను చేరిన రోజు నన్ను కూర్చోమన్న కుర్చీకి మూడు కాళ్లు, ఒక ఇటుక. "సార్, ఇది విరిగిపోయిందండీ" అన్నాను. "విరిగిందని చెప్పడానికి నువ్వెవరు, నేనెవరు? స్టాకు రిజిస్టర్లో అది కుర్చీ" అన్నారు. నిజమే. ప్రభుత్వ వస్తువు చావాలంటే కొన్న ఏడాది, కొన్న ధర రాయాలి. బాగుచేయడానికి వీల్లేదని ధ్రువపత్రం కావాలి. కమిటీ చూడాలి, కండెమ్ చేస్తూ ఉత్తర్వు రావాలి, వేలం వేయాలి. అందాకా తనిఖీకి కుర్చీ కంటికి కనపడాలి. ఏళ్ల తరవాత ఆ మోక్షం వచ్చి, కుర్చీలన్నీ పాత సామాన్ల వ్యాపారి పాడుకుపోయాడు. మరుసటి నెల మా ఆఫీసులో పెద్ద సమావేశం. షామియానా కొట్టు నుంచి కుర్చీలు అద్దెకు తెప్పించాం. వెనకపేజీ గారు ఒక కుర్చీని తిరగేసి (కుర్చీకి కూడా వెనకపేజీ ఉంటుంది) కేక పెట్టారు. అడుగున తెల్లరంగుతో మా ఆఫీసు నంబరు! కొత్త కాలు తొడుక్కుని మా కుర్చీ మా దగ్గరికే అద్దెకొచ్చింది. ఆయన సమావేశమంతా దాని మీదే కూర్చున్నారు, పుట్టింటికొచ్చిన కూతుర్ని వదలని తండ్రిలా.

కరెంటు విషయంలో ఆయనది మౌన యుద్ధం. మా సెక్షనుకు ఏసీ లేదు, ఆఫీసరు గదికి ఉంది. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచమని కేంద్ర విద్యుత్ శాఖ 2018లో సలహా ఇచ్చింది. 2020 నుంచి స్టార్ గుర్తు గది ఏసీలు ఆ అంకె మీదే మొదలయ్యేలా తయారుచేయాలని నిబంధన కూడా వచ్చింది. ఈయన ఆ సంగతిని సర్క్యులరుగా తయారుచేసి, "కార్యాలయంలో ఎవరునూ 24కు తగ్గించరాదు" అన్న వాక్యాన్ని ఇరవై సంతకాల ఫైళ్ల మధ్య పెట్టారు. ఆఫీసరు గారు సంతకం పెట్టేశారు. మర్నాటి నుంచి రిమోటు బీరువాలో, తాళంచెవి ఈయన మొలతాడుకి. ఏసీ తగ్గించమంటే, "తమరి ఉత్తర్వేనండి" అని ఫైలు పట్టుకుని నిలబడేవారు.

ఇంతకీ ఆయన అసలు ప్రతిభ ప్రణాళికల్లో కనిపించేది. 1999 జనవరిలో విజన్ 2020 వచ్చింది. మెకిన్సీ అనే విదేశీ సలహా సంస్థ సాయంతో తయారైన దస్తావేజు. ఆ ఊపులో మా ఆఫీసును కూడా ఓ వ్యూహపత్రం రాసి పంపమన్నారు. అప్పట్లో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న ఆయన ఒక పేరా రాశారు. నీటిని పొదుపుగా వాడుట, విద్యుత్తును ఆదా చేయుట, వాడిన వస్తువులను తిరిగి వినియోగించుట, ఇందుకై సిబ్బందిని చైతన్యపరచుట. నాలుగు 'ఉట'ల పేరా అది. దాన్నే 2000లో నీరు-మీరుకు వాడారు. 2014లో స్వచ్ఛ భారత్‌కు, 2015లో నీరు-చెట్టుకు, 2021 అక్టోబరులో క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్)కు వాడారు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, గోడమీద ముఖ్యమంత్రుల ఫొటోలు మారాయి. పేరా మాత్రం చెక్కుచెదరలేదు. రీసైక్లింగ్ గురించి ప్రణాళికలు రాసినవాళ్లు చాలామంది ఉంటారు. ప్రణాళికలనే రీసైకిల్ చేసినవారు నాకు తెలిసి ఆయనొక్కరే.

2024లో స్వర్ణాంధ్ర విజన్ 2047 కోసం కింది స్థాయి నుంచి ప్రణాళికలు అడిగినప్పుడు చిత్తుప్రతి నాకిచ్చారు. చదివి, "సార్, ఇక్కడ 'పై లక్ష్యములను 2020 నాటికి సాధించగలము' అనుందండీ. 2020 అయిపోయింది కదా" అన్నాను. "అంకె మార్చవయ్యా. వాక్యం బంగారం" అన్నారు. డిసెంబరు 13న విజయవాడలో ఆ దస్తావేజు విడుదలైంది. 2047 నాటికి 2.4 లక్షల కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ, 42 వేల డాలర్ల తలసరి ఆదాయం, పది సూత్రాలు. ఆ అంకెలను ఆయన నోట్ చేసుకున్నది అటెండరు ఇంటి గృహప్రవేశం కార్డు వెనక, రెండుసార్లు చెక్కిన పెన్సిలు ముక్కతో. ఆ ముక్కకి రీఫిల్లు అయిపోయిన పెన్ను గొట్టం తొడిగి ఉంది, వేళ్లకు అందాలి కదా.

పొదుపు ప్రణాళికలు ఎప్పుడూ ఒకవైపే అచ్చయి వస్తాయని మీరు గమనించారో లేదో. పైన ప్లాస్టిక్ అట్ట, కింద ప్లాస్టిక్ అట్ట, మధ్యలో నిగనిగలాడే కాగితం, వెనకంతా ఖాళీ. నేను వెటకారం చేస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. "ముందువైపు ప్రభుత్వానిది, వెనకవైపు మనది" అనేవారు. చిత్తుప్రతులన్నీ పోగేసి, బైండు కుట్టించి, అటెండరు కూతురికి లెక్కల పుస్తకాలుగా ఇచ్చేవారు. ఆ పిల్ల పదో తరగతి దాకా వాటి వెనకే లెక్కలు చేసింది. లెక్క తెగనప్పుడు పేజీ తిప్పి ముందువైపు చదివేదట. మా వ్యూహపత్రాలను మొదటి నుంచి చివరి దాకా చదివిన పౌరురాలు రాష్ట్రంలో ఆ పిల్లే అయుండాలి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఉద్యోగం తెచ్చుకుంది. మిఠాయి పట్టుకుని ఆఫీసుకొచ్చి ఆయన కాళ్లకు దండం పెడితే, ఆయన డబ్బా తీసుకుని ముందు దారం విప్పి చుట్టి జేబులో వేసుకున్నారు. కళ్లు తుడుచుకోవడం తరవాత.

ఆయన్ని ఓడించింది ఒక్కటే, ఈ-ఆఫీసు. ఫైలు తెరమీదికి వెళ్లిపోయింది. మేమంతా కాగితం మిగులుతుందని చప్పట్లు కొడితే ఆయన మానిటరు వెనక్కి వెళ్లి ఓసారి వంగి చూశారు. "దీనికి వెనకపేజీ లేదేమయ్యా" అన్నారు. ఆ గొంతులో దిగులు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పుడు అర్థమైంది. కాగితం తగ్గడం ఆయనకు అక్కర్లేదు. జనం దుబారా చేస్తూ ఉండాలి, తాను ఏరుకుంటూ ఉండాలి.

ప్రభుత్వానికి ఆయన మీద జాలేసిందో ఏమో, ఆయన్ని కూడా తిప్పి వాడుకుంది. పదవీ విరమణ వయసు 58 నుంచి 2014లో 60 అయింది, 2022 జనవరిలో 62 అయింది. "నా వెనకపేజీ కూడా ఖాళీగా పోనివ్వలేదు" అని మురిసిపోయారు. 2025 జనవరి 31 దాకా పనిచేశారు. సరిగ్గా ఆ నెల 18 నుంచే ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం మొదలైంది. మేం చీపుళ్లు పట్టుకుని రికార్డు రూమువైపు నడిస్తే ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. రూలు ప్రకారం ఎల్.డిస్ ఫైలు ఏడాదికి, డి.డిస్ పదేళ్లకు తీసేయొచ్చు, ఆర్.డిస్ శాశ్వతం. ఆయన దృష్టిలో మనిషి తప్ప అన్నీ ఆర్.డిస్సే. ఆరోజు మేం బయట గడ్డి పీకి ఫొటో దిగాం.

ఆయన కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. 2025 ఏప్రిల్‌లో మూడో శనివారం అంశం ఈ-వ్యర్థాలు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం పాత కంప్యూటర్లు వీధిలో తూకానికి అమ్మకూడదు, నమోదైన రీసైక్లర్ల వంటి సంస్థలకే అప్పగించాలి. జాబితా రాయడానికి హుషారుగా కూర్చున్నాను. మొదటి మానిటరు దగ్గరే చెయ్యి ఆగిపోయింది. తెర పోయింది సరే, వైరు బాగానే ఉందిగా? మౌసు ఒకటి కుడివైపు నొక్కితే పలుకుతోంది, ఎడమవైపు పలికే మౌసు ఇంకోటి ఉంది, రెండూ కలిపితే... సాయంత్రానికి జాబితాలో రెండు వస్తువులు, నా సొరుగులో పదకొండు వైర్లు. ఇంటికెళితే మా ఆవిడ, "ఆ జేబులో ఏంటండీ?" అంది. గుండుసూదులు.

మర్నాడు ఆయన బీరువా అడుగు అర సర్దుతుంటే నా నాలుగో కాపీ బయటపడింది. 2001 నాటి సెలవు దరఖాస్తు, చెదపట్టకుండా వేపాకు మధ్య. మూలన ఎర్రసిరాతో, ఆయన చేతిరాతతో 'ఆర్.డిస్' అని ఉంది. నా మొలలను ఆయన శాశ్వత రికార్డు చేశారు. చింపేద్దామని తీసి, అలవాటుగా తిప్పి చూశాను. వెనకవైపు తెల్లగా, ఒక్క మరక లేకుండా, ఇరవై నాలుగేళ్లుగా నాకోసమే దాచినట్టు ఉంది.

ఈ వ్యాసం మొదటి పేజీ దాని మీదే రాశాను. సంపాదకులకు మనవి, దయచేసి తిప్పి చూడొద్దు.