నూట నలభై మిల్లీమీటర్ల మోక్షం

రెండు రాష్ట్రాలు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాయి. పటాస్కర్ గారు మధ్యవర్తిగా కూర్చున్నారు. ఏ ఊళ్లో ఏ భాష వాళ్లు ఎందరున్నారో లెక్కలు తీశారు. చివరికి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు పోయింది, సత్యవేడు ఆంధ్రకు వచ్చింది. అంతటి తగువే తెగింది. తిరువళ్లూరు జిల్లాలో ఇప్పుడు నడుస్తున్న తగువు మాత్రం మన మనవల కాలానికైనా తెగుతుందన్న ఆశ లేదు. ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైకు వెనక చక్రం 130 మిల్లీమీటర్లు ఆడాలా, 140 ఆడాలా?

ఈ తగువు పడేది బైకు తొక్కేవాళ్లు అనుకునేరు. తొక్కేవాళ్లకి తీరికెక్కడిది? పడేది కొనబోయేవాళ్లు.

ఆవడిలోనో పూందమల్లిలోనో పదో అంతస్తులో కాపురముండే మన తెలుగు సాఫ్ట్‌వేరు ఆసామి ఒకాయన ఉన్నాడనుకోండి. ఆయన దగ్గర ఫ్రేము లేదు, ఫ్రేముల పట్టిక ఉంది. రీచ్ ఎంత, స్టాక్ ఎంత, చెయిన్‌స్టే పొడవెంత, సీటు గొట్టం వాలెంత, ఒక్కో గడికీ ఒక్కో రంగు. హెడ్ యాంగిల్లో, అంటే హ్యాండిల్ కింది గొట్టం వాలులో, అర డిగ్రీ తేడా కనిపిస్తే ఇంటికి ఈశాన్యం తెగినంత కంగారు. 64 డిగ్రీలైతే నిటారు దిగుడులో ముందు చక్రం తొణక్కుండా పోతుంది, 66 అయితే ఇరుకు మలుపులో చెప్పిన మాట వింటుంది. శాస్త్రం నిజమే, ఎవరూ కాదనరు. కానీ ఆయన దిగబోయే దిగుడు పూండి చెరువు కట్ట. అక్కడ ముసలాయన ఒకరు రోజూ హెర్క్యులిస్ మీద రెండు పాలక్యాన్లు తగిలించుకుని దిగుతాడు. దాని హెడ్ యాంగిల్ ఎంతో ఆయనకీ తెలియదు, ఆయన ఆవులకీ తెలియదు.

ఈ మౌంటెన్ బైకు సరదాకు పుట్టిల్లు కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ. 1976 అక్టోబరులో అక్కడి కుర్రాళ్లు కొందరు పాత ష్విన్ సైకిళ్లు వేసుకుని కొండ మీది మట్టిరోడ్డులో పందెం కట్టారు. లావు టైర్లు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజంతా కాగి పొగైపోయేది, మళ్లీ కూరుకోవాల్సి వచ్చేది. ఆ మహానుభావులు ఫ్రేము ఎంచుకోలేదు. పాతసామాన్ల కొట్లో దొరికింది పట్టుకొచ్చారు. వాళ్ల పేరు చెప్పుకుని ఇవాళ మనం ఎంచుకోవటం ఒక్కటే చేస్తున్నాం.

తరవాత షాకులొచ్చాయి, లింకులొచ్చాయి, లింకుల వెనకాలే లాయర్లొచ్చారు. వెనక ఇరుసుకి కాస్త ముందు, చెయిన్‌స్టే మీద ఒక కీలు పెడితే బ్రేకు వేసినా వెనక చక్రం బిగుసుకుపోకుండా ఆడుతుందని హోర్స్ట్ లైట్నర్ అనే ఆస్ట్రియా ఆయన కనిపెట్టాడు. ఆ పేటెంటును స్పెషలైజ్డ్ కంపెనీ కొనేసింది. అమెరికాలో దాని గడువు 2013లో తీరేదాకా మిగతా కంపెనీలు ఆ కీలును అటు జరిపి, ఇటు జరిపి, మా పద్ధతే అసలైన పద్ధతి అని ప్రమాణాలు చేశాయి. గడువు తీరిన మర్నాటి నుంచి అదే కీలు చాలామంది ఫ్రేముల్లో ప్రత్యక్షమైంది. వేదాంతం మారలేదు, లైసెన్సు ఖర్చు తగ్గిందంతే. ఆసామి మాత్రం సింగిల్ పివటా, ఫోర్ బారా, జంట లింకులా అని ద్వైతాద్వైత విచారణ సాగిస్తూనే ఉన్నాడు.

కొలతల కథ ఇంకా రంజుగా ఉంటుంది. చక్రం 26 అంగుళాలు చాలన్నారు, 27.5 అయితేనే బైకన్నారు, 29 లేకపోతే అసలు బతుకే లేదన్నారు, ఇప్పుడు ముందు 29, వెనక 27.5 పెట్టుకోమంటున్నారు. వెనక ఇరుసు వెడల్పు 142 నుంచి 148కి పెరిగింది, కొందరికి అదీ చాలక 157కి. పెరిగిన ప్రతిసారీ ఇంట్లో ఉన్న చక్రాలు అటకెక్కాయి. ఇక పెడళ్ల ఇరుసు కూర్చునే గొట్టం. దానికి మరలు తీయటం పాతకాలపు పని అని, బేరింగుని సుత్తితో దిగ్గొట్టే ప్రెస్‌ఫిట్టే నాగరికమని చెప్పారు. కొన్నవాళ్ల బైకులు కిర్రుకిర్రుమంటూ ఊరంతా వినిపించాయి. పదేళ్లు తిరక్కుండా చాలా కంపెనీలు నోరు మూసుకుని మళ్లీ మరలకే వచ్చాయి. ఆ మరల కొలతకు పేరేమిటో తెలుసా? బీఎస్‌ఏ. అంబత్తూరులో 1949లో పుట్టిన టీఐ సైకిల్స్ వాళ్లు మన నాన్నల కాలం నుంచి అమ్ముతున్న బీఎస్‌ఏ సైకిలు మీది పేరే. ప్రపంచమంతా ప్రదక్షిణ చేసి అంబత్తూరు బస్టాండులో దిగినట్టయింది వ్యవహారం.

ఇంతకీ ఈ ప్రాంతంలో మౌంటెన్ బైకుకి పనిలేదని కాదు. ఉంది, బ్రహ్మాండంగా ఉంది. పూండి నుంచి గుడియం గుహల వైపు అడవిలోకి ఒక దారి పోతుంది. నేలంతా పిడికిలంత నుంచి తలకాయంత దాకా గుండ్రాళ్లు, ఒకటి కదిలితే పక్కది కదులుతుంది. వెనక చక్రం ఆడని బైకు మీద ఆ దారిన పోతే అరగంటలో నడుము పట్టేస్తుంది, ఎక్కుడులో చక్రం రాయి మీద ఎగిరి పట్టు వదిలేస్తుంది. చక్రం రాయి ఎక్కినప్పుడు మనిషిని ఎత్తకుండా తనే లేచి, దిగినప్పుడు నేలను వదలకుండా అంటుకుని ఉండటమే సస్పెన్షన్ చేసే పని. సుఖం దాని తరవాత.

ఆ రాళ్లకో చరిత్ర కూడా ఉంది. ఆ చుట్టుపక్కలే, అత్తిరంపాక్కంలో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన 1863లో రాతి పనిముట్లు చూశాడు. అవి 15 లక్షల ఏళ్ల కిందటివని 2011లో లెక్క తేల్చారు. అప్పటి మనిషి కుశస్థలి ఏటి పరిసరాల్లో క్వార్ట్‌జైట్ రాయి ఒకటి ఏరుకున్నాడు, చెక్కుకున్నాడు, మాంసం కోసుకు తిన్నాడు. ఈ రాయి రీచ్ ఎంత, వచ్చే ఏడాది మోడల్లో అంచు మారుతుందేమో అని ఆగి ఉంటే మనం ఇక్కడుండేవాళ్లం కాము.

సరే, ఆసామి చివరికి కొన్నాడనుకుందాం. మరీ అసంభవమేం కాదు, దసరా డిస్కౌంట్లో ఒక్కోసారి జరుగుతుంది. 140 మిల్లీమీటర్లది. కారు వెనక స్టాండు మీద కట్టుకుని తిరుపతి రోడ్డు మీద తెల్లవారుజామున బయల్దేరాడు. తిరువళ్లూరు దాటాక ఇడ్లీ, పొంగలి, రెండు కాఫీలు. తిరుత్తణిలో మూడువందల అరవై అయిదు మెట్లు ఉన్నాయి. డిసెంబరు 31 రాత్రి ఆ మెట్లకు పూజ చేస్తూ, పాడుకుంటూ జనం ఎక్కుతారు. ఆడికృత్తికకి కావడి భుజాన వేసుకుని ఉత్త కాళ్లతో ఎక్కుతారు, డెబ్భై దాటిన అవ్వలతో సహా. వాళ్ల మోకాళ్లు ఎన్ని మిల్లీమీటర్లు ఆడతాయో ఎవరూ కొలవలేదు. ఆసామి కారులో ఘాట్ రోడ్డున పైకెళ్లి, బైకుని దింపి, కొండ అంచున ఫొటో తీసుకుని, మళ్లీ కారెక్కించాడు.

ఆ బైకుని కాస్త దగ్గరగా చూడండి. షాకు కడ్డీ మీద సన్నటి రబ్బరు ఉంగరమొకటి ఉంటుంది. షాకు ఎంత కుంగితే అంతదాకా అది జరిగి అక్కడే నిలబడుతుంది. మనిషి సీటు మీద కూర్చుంటేనే మొత్తం ఆటలో పాతిక ముప్ఫై శాతం కుంగాలి. అందుకోసం చేతిపంపుతో, ఒంటి బరువును బట్టి, గాలి సరిచూసుకోవాలి. పది నిమిషాల పని. ఆసామి ఆరు నెలలు ఫ్రేము చదివాడు గానీ ఈ పది నిమిషాలు ఆయనకి చిక్కలేదు. కొట్లో కొట్టిన గాలే ఉంది, లారీ టైరులా బిగుసుకుని. ఉంగరం సగం కూడా దాటలేదు. 140 కొని 65 వాడుకుంటూ, ఈసారి 150ది తీసుకుంటే మెత్తగా ఉంటుందేమోనని కొత్త గడి ఒకటి తెరిచాడు.

మర్నాడు ఊత్తుకోట వైపు, కండలేరు నుంచి పూండికి కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగుగంగ కాలువ గట్టు మీద పోతుంటే, వెనక నుంచి హారన్. పచ్చగడ్డి మోపు, దాని మీద కొడవలి, దాని ముందు లుంగీ కట్టిన పెద్దమనిషి, అన్నిటి కిందా ఎక్కడో ఒక టీవీఎస్ ఎక్స్‌ఎల్. దుమ్ము లేపుకుంటూ దాటేసి పోయింది. ఆ దుమ్ములో ఆసామి ఆగాల్సి వచ్చింది, సర్కారు తుమ్మ ముల్లు దిగి. మూడు వేల డాలర్ల కార్బన్ ఫ్రేముకైనా, మూడు వందల రూపాయల పాతసైకిలుకైనా ఆ ముల్లు ఒకే మర్యాద చేస్తుంది. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ ద్రవం పోసుకుని ఉంటే కన్నం దానంతటదే పూడేది. దానికి ఎక్సెల్ షీటులో గడి లేదు.

తోసుకుంటూ ఊళ్లో సైకిలు షాపుకి తీసుకెళ్లాడు. షాపాయన చుట్టూ తిరిగి చూసి, "ఇంత దుడ్డు పెట్టి కొంటిరి, స్టాండు కూడా ఈలేదా సార్ వాళ్లు?" అన్నాడు. "బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. నడిమధ్యలో ఈ పంపేంది, ఇరిగితే యాడ అతికిచ్చేది?"

నవ్వొస్తుంది గానీ ఈ ఎర్ర దుమ్ములో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఫోర్ బార్ ఫ్రేముకి పదిదాకా చిన్న బేరింగులుంటాయి. దుమ్మూ, ఆ మీద వాన చినుకూ చేరితే అవి గరగరలాడతాయి. షాకు గాలిగది యాభై గంటల తొక్కుడుకొకసారి విప్పి శుభ్రం చేయాలని, రెండొందల గంటలకు లోపలి నూనె మార్చాలని తయారీదార్లే చెబుతారు. తిరుత్తణి బజారులో ఆ పని చేసేదెవరు? పార్సిలు కట్టి చెన్నైకో బెంగళూరుకో పంపాలి. ఆసామి ఆ యాభై గంటలు ఎప్పటికి తొక్కుతాడన్నది వేరే విషయం.

ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. సైకిళ్ల మీద దిగుమతి సుంకం 30 నుంచి 35 శాతానికి పెంచింది 2023 బడ్జెట్టు. దాంతో ప్రతి తెలుగింట్లోనూ సాన్‌హొసే బావకు ఉద్యోగం పెరిగింది.

"బావా, మేలో వస్తున్నావుగా, ఫ్రేము ఒకటి పెట్టెలో పడేసుకురా."

"మీ అక్క చాక్లెట్లకే చోటు చాలట్లేదురా. ఫ్రేమంటే ఎంతుంటుంది?"

"ఎంతో ఉండదు బావా, మూడు నాలుగు కేజీలు. కాస్త త్రికోణంగా ఉంటుందంతే."

ఇంతకీ ఏది కొనమంటారని అడిగితే నా మాట ఇది. 120, 130 మిల్లీమీటర్లు ఈ రాళ్లకు ధారాళం. కార్బన్ వద్దు, అల్యూమినియం చాలు, రాయి తగిలి సొట్ట పడినా దాచకుండా చూపిస్తుంది. బేరింగులు ఎంత తక్కువైతే అంత మంచిది, వాటి నంబర్లు మామూలు బేరింగు షాపులో దొరికేవై ఉండాలి. పెడళ్ల ఇరుసు గొట్టానికి మరలు ఉండాలి. గేరు హ్యాంగర్ 2019 నుంచి వస్తున్న అందరికీ సరిపోయే యూడీహెచ్ రకమై ఉండాలి, విరిగితే ఇంకోటి దొరుకుతుంది. బ్రేకు గొట్టాలు హ్యాండిల్ మెడలోంచి దూర్చిన ఫ్రేము జోలికి పోవద్దు, ఒక్క బేరింగు మార్చటానికి బ్రేకంతా విప్పాలి. నీళ్ల సీసాలు రెండు పట్టాలి, గుడియం దారిలో కొట్టు లేదు. ముఖ్యంగా పొడవు సరిపోవాలి, అది ఎక్కి చూస్తేనే తెలుస్తుంది. మిగిలిన డబ్బు మంచి టైర్లకి, సీలెంటుకి, షాకు పంపుకి.

ఆసామి అంతా ఓపిగ్గా విన్నాడు. తల ఊపాడు. ఫోనులో రాసుకున్నాడు. రాసుకుని, "స్టీలు ఫ్రేమైతే ఎలా ఉంటుందంటారు?" అన్నాడు.