వార్నింగులు తగ్గించకండి, పెంచండి

రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల, మన సిక్కోలు చుట్టుపక్కల ఏ ఇంజినీరింగ్ కాలేజీ అయినా సరే, జావా ల్యాబ్‌లో స్వింగ్ విండో రాస్తున్న పిల్లలకు సీనియర్ల నుంచి ముందుగా అందే సలహా ఒకటే: "వార్నింగే కదా, ఎర్రర్ కాదు కదా, ఒగ్గేయ్." రెండోది, క్లాసు పైన ఒక సప్రెస్‌వార్నింగ్స్ తగిలించి ఎడిటర్ గీసే పసుపు గీతను మాయం చేయడం. ఎక్స్‌టర్నల్ వచ్చి రికార్డు మీద సంతకం పెట్టేవరకూ ఈ రెండూ బాగానే పనిచేస్తాయి. నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా ఎదురు. వినగానే తలకిందుల సలహాల్లా ఉంటాయి. అయినా ప్రతి ఒక్కటీ పాటించమనే చెబుతున్నాను.

మొదటిది: వార్నింగులు పెంచండి. జావా కంపైలర్ మామూలుగా, ఈ ఫైలులో అన్‌చెక్డ్ పనులున్నాయని రెండు వరసల నోట్ ఇచ్చి ఊరుకుంటుంది. ఏ వరసలోనో చెప్పదు. ఎక్స్‌లింట్ అనే ఆప్షన్ పెట్టి మళ్లీ కంపైల్ చేస్తే ఒక్కొక్క వరసా చూపిస్తుంది. పాత ప్రాజెక్టైతే తెర నిండిపోతుంది. కంపైలర్ తనంతట తాను 100 వార్నింగుల దగ్గర ఆగిపోతుంది కాబట్టి, ఆ హద్దు కూడా పెంచి మొత్తం జాబితా చూడండి. కంగారు పడొద్దు. ఒక లిస్టును అందులో ఏముంటుందో చెప్పకుండా ఉత్త లిస్టుగా ప్రకటించి వదిలేస్తే, దానిలో ఏదైనా చేర్చిన ప్రతి చోటా ఒక వార్నింగ్ పుడుతుంది. ప్రకటన ఒక్కటి సరిదిద్దితే అవన్నీ ఒకేసారి పోతాయి. అందుకే రెండో సలహా: వార్నింగ్ చూపించిన వరసను ముట్టుకోకండి. ఆ వస్తువు తన రకాన్ని ఎక్కడ పోగొట్టుకుందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లండి. కంపైలర్ వేలు పెట్టి చూపేది నొప్పి ఉన్న చోటును. దెబ్బ తగిలిన చోటు వేరే ఉంటుంది.

ఎందుకిలా? 2004లో జావా 5తో జెనరిక్స్ వచ్చాయి. అప్పటికే రాసి ఉన్న కోడ్ పాడవకూడదని, ఆ రకాల సమాచారాన్ని కంపైల్ చేసేటప్పుడు సరిచూసి, ఆ తర్వాత చెరిపేసేలా రూపొందించారు. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు స్ట్రింగుల లిస్టు, అంకెల లిస్టు రెండూ ఒకే లిస్టు. కాబట్టి అన్‌చెక్డ్ వార్నింగ్ అంటే, "ఇక్కడ నేను హామీ ఉండలేను, ఇక బాధ్యత మీదే" అని కంపైలర్ చేతులెత్తేయడం. తప్పుడు వస్తువు లిస్టులోకి దూరిన క్షణాన ఏమీ జరగదు. ఎప్పుడో, ఇంకో విండోలో, దాన్ని బయటికి తీసినప్పుడు క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ విరుచుకుపడుతుంది. అప్పుడు తిట్లు తినేది తీసినవాడు, పెట్టినవాడు కాదు.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయ విశేష దినాలను చూపే చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ సాధన కోసం రాస్తున్నారనుకోండి. అందులో రెండు జాతుల రోజులున్నాయి. తొలి కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే రోజులు ఏటా మార్చి 9, 10 ప్రాంతంలోనూ, అక్టోబరు 1, 2 ప్రాంతంలోనూ వస్తాయి. మార్చి విషువత్తుకు కొన్ని రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకు దాదాపు అన్నే రోజుల తర్వాత సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా నాలుగు డిగ్రీల దరిదాపుల్లో ఒకే దారిన ఉదయిస్తాడు. అది సౌరమానం, ఇంగ్లీషు క్యాలెండరుతో కలిసి నడుస్తుంది. రథసప్తమి అలా కాదు. మాఘ శుద్ధ సప్తమి 2024లో ఫిబ్రవరి 16న, 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న వచ్చింది. రథసప్తమి తిథి, కిరణాల రోజు తేదీ.

ఈ రెండింటినీ ఒకే ఉత్త లిస్టులో వేసేస్తారు. ఒకటి లోకల్‌డేట్, ఇంకొకటి "మాఘ శుద్ధ సప్తమి" అనే స్ట్రింగ్. తర్వాత తెర మీద చూపించే చోట, ఇది తేదీయేనా, కాకపోతే తిథా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అడిగి, జవాబును బట్టి కాస్ట్ చేస్తారు. ముద్రించే చోట మళ్లీ అదే ప్రశ్న, వెతికే చోట మళ్లీ అదే. వార్నింగులు వరస కడతాయి. అందరూ ఇచ్చే సలహా, ఇంకొన్ని కాస్టులు పెట్టమని. నా సలహా, ఉన్న కాస్టులు కూడా పీకేయమని. విశేషదినం అనే ఇంటర్‌ఫేస్ ఒకటి రాయండి. దానికి ఒకే ప్రశ్న వేయగలగాలి: ఫలానా సంవత్సరంలో నువ్వు ఏ తేదీన వస్తావు? కిరణాల రోజు తన దగ్గరున్న నెల, రోజు కలిపి జవాబిస్తుంది. రథసప్తమి పంచాంగం పట్టికను సంప్రదించి చెబుతుంది. లిస్టు ఇప్పుడు విశేషదినాల లిస్టు. విండో ఎవరినీ "నువ్వెవరు" అని అడగదు. వార్నింగులు వాటంతట అవే పోతాయి. రేపు ఆలయంలో మరో ఉత్సవం చేర్చాలంటే ఒక క్లాసు చేరుతుంది, పాత విండోలను ముట్టుకోనక్కర్లేదు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అని సిలబస్‌లో పెద్ద యూనిట్ పెట్టి చెప్పేది దీని గురించే. చాలామందికి అది నిర్వచనంగా వైవాలో గుర్తుంటుంది కానీ పసుపు గీత ముందు గుర్తురాదు. నాకు బాధ కలిగించేది అదే.

అదే ప్రోగ్రామ్‌లో సేవను ఎంచుకునే కాంబోబాక్స్ సంగతి కొంచెం చెప్పాలి. 2011లో జావా 7 వచ్చినప్పుడు జెకాంబోబాక్స్, జెలిస్ట్ రెండూ జెనరిక్ అయ్యాయి. పాత పుస్తకం చూసి రాసిన కోడ్‌లో వార్నింగులు వచ్చేది అందుకే. సేవ అనే క్లాసు పేరును యాంగిల్ బ్రాకెట్లలో రాసి సరిచేశాక కూడా, గెట్‌సెలెక్టెడ్‌ఐటమ్ మాత్రం ఆబ్జెక్ట్‌నే ఇస్తుంది. కారణం ఉంది: ఎడిట్ చేయగల కాంబోలో వాడేవాళ్లు తమకు తోచింది టైపు చేయొచ్చు. మీ కాంబో అలాంటిది కాకపోతే, ఎంచుకున్న వరస సంఖ్య తీసుకుని గెట్‌ఐటమ్‌ఎట్‌ను అడగండి. అది సరైన రకంతోనే ఇస్తుంది, కాస్ట్ అక్కర్లేదు. ఏదీ ఎంచుకోకపోతే నల్ వస్తుందని మాత్రం మరవకండి.

ఇక అన్నిటికన్నా విడ్డూరంగా వినిపించే సలహా: మీ ప్రోగ్రామ్‌ను త్వరగా పడిపోనివ్వండి. ఆ ప్రోగ్రామే సేవలకు రసీదులు కూడా ఇస్తుందనుకోండి. రసీదులన్నీ ఫైలులో దాచి, మళ్లీ తెరిచినప్పుడు రీడ్‌ఆబ్జెక్ట్‌తో చదివి, రసీదుల లిస్టుగా కాస్ట్ చేస్తారు. అలా నేరుగా కాస్ట్ చేసినంత కాలం అక్కడ వచ్చే అన్‌చెక్డ్ వార్నింగ్ పోదు, ఎందుకంటే ఫైలులో ఏముందో కంపైలర్‌కు నిజంగానే తెలియదు. నడిచేటప్పుడు కూడా జావా అది లిస్టేనా అని మాత్రమే చూస్తుంది, లోపల రసీదులున్నాయా అని చూడదు. అక్కడే ఒక్కొక్కటీ తీసి రసీదేనా అని పరీక్షించి కొత్త లిస్టులో వేయండి. ఒక్కటి తేడాగా ఉన్నా ఫైలు తెరిచే క్షణంలోనే స్పష్టమైన మాటతో ఆగిపోవాలి. ఇలా ఆగిపోతే వాడేవాళ్లకు చికాకే, ఒప్పుకుంటాను. కానీ కౌంటర్ ముందు వరస నిలబడి ఉండగా, రసీదు ముద్రించే క్షణంలో పడిపోవడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు. దొంగ ఎక్కడ దూరుతున్నాడో తెలియకపోతే కలెక్షన్స్ క్లాసులోని చెక్డ్‌లిస్ట్ వాడండి. తప్పుడు వస్తువును చేర్చే చోటే అది పట్టుకుంటుంది.

సప్రెస్‌వార్నింగ్స్‌ను అసలు వాడొద్దనడం లేదు. జావా సొంత అర్రేలిస్ట్ లోపల కూడా అది ఉంది. కానీ దాన్ని క్లాసు నెత్తిన పెట్టకండి, మెథడ్ మీదైనా పెట్టకండి. ఒక్క లోకల్ వేరియబుల్ ప్రకటన మీద పెట్టి, ఇది ఎందుకు క్షేమమో పక్కనే రాయండి. ఆ రాతకు ఎంత విలువో 1996 జూన్ 4న ప్రపంచం చూసింది. ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయాణంలో, బయల్దేరిన 40 సెకన్ల లోపే గతి తప్పి ధ్వంసమైంది. ఒక 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే అది పట్టలేదు. అలాంటి ప్రమాదం ఏడు విలువలకు ఉందని అంతకుముందే గుర్తించారు. నాలుగింటికి కాపలా పెట్టి, కంప్యూటర్ మీద భారం పెరగకూడదని మూడింటిని వదిలేశారు. వాటికి అంత పెద్ద విలువ రాదన్న లెక్క, ఆ కోడ్ మొదట పనిచేసిన పాత రాకెట్ ఏరియన్ 4 దారికి నిజమే. ఏరియన్ 5 అడ్డంగా అంతకన్నా ఎక్కువ వేగంతో సాగింది. వదిలేయడానికి కారణమేమిటో సోర్స్ కోడ్‌లో నేరుగా ఎక్కడా కనబడలేదని విచారణ నివేదిక రాసింది. కారణం పక్కనే ఉండి ఉంటే, కొత్త రాకెట్‌కు అది చెల్లదని ఎవరైనా గమనించేవారేమో.

వార్నింగ్ రాని చోట కూడా అనుమానించండి. టికెట్ల సంఖ్య ఇంట్, రూపాయలూ ఇంటే అయితే, ఒకదాని స్థానంలో ఇంకొకటి పంపినా కంపైలర్ కిక్కురుమనదు. రూపాయలకు చిన్న క్లాసు రాయండి. పది వరసలు ఎక్కువవుతాయి, కానివ్వండి. అలాగే జెటేబుల్‌లో డిఫాల్ట్‌టేబుల్‌మోడల్‌ను ఉన్నదున్నట్టు వాడి, వరస పేర్చే సార్టర్ తగిలించి రసీదు మొత్తాల నిలువు వరస నొక్కండి. 100, 1000, 20 అని వరస కడుతుంది. ఆ నిలువు వరస రకం ఏమిటో చెప్పలేదు కాబట్టి అంకెలను అక్షరాలుగా పోల్చింది. గెట్‌కాలమ్‌క్లాస్‌లో రకం చెబితే అంకెలు సరిగ్గా వరస కడతాయి, కుడివైపుకు కూడా సర్దుకుంటాయి.

పాత ప్రాజెక్టు చేతికొస్తే వార్నింగులన్నిటినీ ఎర్రర్లుగా మార్చే వెర్రర్ ఆప్షన్ తొలిరోజే పెట్టకండి, పని ఆగిపోయి మీరే దాన్ని తీసేస్తారు. ముందు రసీదు, సేవ, విశేషదినం లాంటి మూల క్లాసులను శుభ్రం చేయండి, తర్వాత ఫైలు చదివే చోటు, చివర విండోలు. జాబితా ఖాళీ అయిన రోజు వెర్రర్ పెట్టి, ఆ తర్వాత వచ్చే ప్రతి కొత్త వార్నింగ్‌నూ పుట్టించినవాళ్లే ఆ పూటే తీర్చేలా చూడండి.