స్విస్ పటేల్

నవీపేట్‌లో నాలుగు చినుకులు పడితే చాలు, పటేల్ మొహం చిట్లిస్తాడు. "గిది వానా? లౌటర్‌బ్రునెన్ల చూడాలె!" ఆ పేరుకు నోరు తిరగడానికి పది రోజుల స్విస్ టూరులో ఎనిమిది రోజులు పట్టిందట. మరి ఊరికే పోనిస్తాడా! దుబాయి పోయొచ్చినవాళ్లు మా దిక్కు వాడవాడకూ ఉన్నారు. చుట్టాలకు అత్తరు సీసా ఇచ్చి ఊరుకుంటారు. కొడుకు పైసలతో ఆల్ప్స్ చూసొచ్చిన తండ్రులు ఊరుకునే రకం కాదు.

లౌటర్‌బ్రునెన్ లోయలో 72 జలపాతాలు. అందులో స్టౌబాక్ దాదాపు 300 మీటర్ల పైనుంచి దుంకుతుంది. సగం నీళ్లు నేల తాకకముందే తుంపరై గాలికి పోతాయి. టీ కొట్టు దగ్గర ఈ ముచ్చట విని కోస్లీ రైతు ఒకాయన, "నీళ్లు కిందికి దుంకుడు గొప్పనా పటేలా? మా ఊర్ల గోదారిని మోటార్లు పెట్టి మీదికి గుంజుతున్నరు" అన్నాడు. అలీసాగర్ ఎత్తిపోతల పంపుహౌసు వాళ్ల ఊళ్లోనే ఉంది మరి. ఆ పూట పటేల్ తన టీకి మాత్రమే పైసలిచ్చి లేచాడు.

పటేల్ చెప్పనివి ఆయన భార్య, మా పెద్దమ్మ చెబుతుంది. ఐగర్ కొండ పొట్టలోంచి యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కు పోయే రైలు 1912 నాటిది. ఆ సొరంగం పొడుగునా ఈయన గురక పెట్టాడు. 3,454 మీటర్ల ఎత్తున దిగీదిగగానే ఆకలన్నాడు. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కదా, మామిడి తొక్కు ప్యాకెట్ పూరీలా పొంగి ఉంది. పళ్లతో కొరికాడు. తుస్సుమని ఎర్రటి నూనె మంచు మీద బారెడు దూరం చిమ్మింది. "అంత తెల్లగున్నకాడ మనదొక్కటే మరక!" అని పెద్దమ్మ ఇప్పటికీ తల పట్టుకుంటుంది. టిట్లిస్ కొండ మీద షారుఖ్, కాజోల్ బొమ్మల పక్కన మాత్రం ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకున్నాడట. "ప్రేమ గాదు బిడ్డా, జారుతనని భయం."

వాలు మీద గొర్రెలు కనబడ్డప్పుడు ఇంకో తమాషా. నవీపేట్ శనివారం సంతలో ఆరితేరిన చెయ్యి ఆగుతుందా? కంచె మీదుగా వంగి ఒకదాని నడుము పిసికి చూసి, "ఇరవై కిలోలు పడతది" అన్నాడు. గైడు పిల్ల ఉరికొచ్చింది.

అక్కడ కొన్న ఆవు గంటను ఇప్పుడు మేకపోతుకు కట్టాడు. మూడు శనివారాలుగా దాన్ని సంతకు తోలుకొస్తున్నాడు. రేటు మాత్రం దిగడు. మొన్న ఒక బేరగాడు వచ్చి వెన్ను తడిమాడు, తొడ పట్టి చూశాడు. గంటను వేలితో ఒకసారి కొట్టి, చెవి పెట్టి విన్నాడు. పటేల్ మొహం వెలిగింది.

"పటేలా, గంట తీసి తూకమేద్దామా?"