ఒక రంధ్రమునకు టీకాతాత్పర్యము

మూలము: గోటిమొన కన్న చిన్నదియగు ఒక రంధ్రము, అనగా పడవలసినదియు, పడెనో లేదో తేలనిదియు.

అవతారిక. క్రీ.శ. 2000 నవంబరు 7వ తేదీన అమెరికా అధ్యక్షపదవికై టెక్సాసు గవర్నరగు జార్జి బుష్షును, ఉపాధ్యక్షుడగు ఆల్ గోరును పోరాడగా, దేశమంతటి ఓట్లలో గోరునకు ఐదులక్షలకు పైబడిన ఆధిక్యము లభించియు, ఆ దేశమున పట్టము గట్టునది రాష్ట్రములవారీగా ఏర్పడు ఎలక్టోరల్ కాలేజి యగుటచే, 25 స్థానములు గల ఫ్లోరిడా యెవరిదో పీఠమును వారిదే యను స్థితి దాపురించెను. టెలివిజను వ్యాఖ్యాతలు మూలగ్రంథము చేతికి రాకమునుపే భాష్యము మొదలిడి, సాయంకాలము ఫ్లోరిడాను గోరున కిచ్చి, రాత్రి పదిగంటలకు వెనుకకు దీసికొని, నడిరేయి దాటిన పిమ్మట బుష్షున కిచ్చి, వేకువజామున దానినిగూడ వెనుకకు దీసికొనిరి. తమది కాని సొత్తును ఒక్కరాత్రిలో ఇరువురకు ధారపోసి ఇరువురి యొద్దనుండియు లాగికొన్న దాతలను మేమింతకుముందు విని యెరుగము. గోరు ఫోనుచేసి ఓటమి నంగీకరించుటయు, కొంతసేపటికే మరల ఫోనుచేసి ఆ యంగీకారమును రద్దుపరచుటయు ఈ భాష్యముల ఫలమే.

అన్వయము. కోరిన పేరునకు చెందిన రంధ్రమును పొడిచి ఓటు వేయవలసిన ఫ్లోరిడాలోని పామ్‌బీచి కౌంటీ పత్రమున పేర్లు సీతాకోకచిలుక రెక్కలవలె ఇరుప్రక్కలను, రంధ్రస్థానములు నడుమ నిలువువరుసను ఉండెను. ఎడమరెక్కపై మొదట బుష్షు, వెనువెంట గోరు. కుడిరెక్క మొదట మఱియొక అభ్యర్థియగు పాట్ బుకానను. రంధ్రములలోనో, రెండవది బుకాననుది, మూడవది గోరుది. రెండవ పేరునకు రెండవ రంధ్రమే చెల్లునని సహజముగా అన్వయించుకొన్న వారు గోరును వరింపబోయి బుకాననును వరించిరి. ఆలంకారికులు దూరాన్వయ మని దూషించు దోష మిదియే. అచ్చట బుకాననునకు వచ్చిన 3,407 ఓట్లలో పెక్కు తనవి కాకపోవచ్చునని ఆయనయే యనెను. ఆ యెన్నిక యంతటను మూలమునకు విధేయుడైన వ్యాఖ్యాత ఆయన యొక్కడే యని మా యభిప్రాయము. ఈ పత్రమును వెక్కిరించు అనుకరణములు ఇ-మెయిలుల మీద నెక్కి ఊరూర తిరిగినవి.

పాఠభేదములు. రంధ్రము చేయగా రాలవలసిన కాగితపుముక్కను చ్యాడ్ అందురు. ఒక్కమూలను అంటియున్నది వ్రేలాడు చ్యాడు. రెండు మూలలను అంటినది ఊగెడిది. మూడింటిని అంటినది మఱియొకటి. ఏ మూలయు ఊడక ఉబ్బినది గర్భిణి. ఓటరు ఉద్దేశము స్పష్టముగా తెలిసినచో ఓటు చెల్లునని ఫ్లోరిడా శాసనము. అనగా మనవారు కవిహృదయ మను దానినే అచ్చట కాగితపుగుంటలో వెదుకవలసివచ్చెను. బ్రోవార్డు కౌంటీ న్యాయమూర్తి రాబర్ట్ రోజెన్‌బర్గు చేతిలెక్కింపులో భూతద్దమును పట్టి, కన్నులు విప్పార్చి, ఒక్కొక్క పత్రమును పరీక్షించుచుండిన ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. ఆ గుంటను జూచి గోరుపక్షపు టీకాకారులు “సంకల్పము దృఢము, చేతిలో బలము చాలలేదు” అనియు, బుష్షుపక్షమువారు “పొడువబోయి మనసు మార్చుకొనెను” అనియు పత్రికలయందును, అప్పటికి బాల్యదశలోనున్న అంతర్జాలమునందును రేయింబవళ్లు వ్యాఖ్యానించిరి. టీకాకారుని పక్షము తెలిసినచో టీకను చదువవలసిన పని లేకపోయెను. మూలమున లేనిది వ్రాయనని ప్రతిజ్ఞ చేసిన కావ్యవ్యాఖ్యాత, మెదకుసీమ కోలాచలపు మల్లినాథుడు ఆ బల్లయొద్ద కూర్చుండినచో, ఏమియు వ్రాయజాలక లేచి పోయెడివాడు.

తాత్పర్యము. ఇంచుమించు అరువదిలక్షల ఓట్లు పోలైన ఫ్లోరిడాలో బుష్షుకు 537 ఓట్ల ఆధిక్యమని నవంబరు 26న ధ్రువీకరింపబడెను. చేతిలెక్కింపునకు రాష్ట్ర సర్వోన్నతన్యాయస్థానము డిసెంబరు 8న ఆజ్ఞయిడగా, దేశ సుప్రీంకోర్టు మఱునాడే దానిని నిలిపి, ఒక్కొక్క కౌంటీలో ఒక్కొక్క పఠనపద్ధతి యుండుట పౌరుల సమానరక్షణకు విరుద్ధ మనియు, క్రొత్త పద్ధతి నేర్పరచుటకు గడువు లేదనియు, 12వ తేదీన ఐదుగురు నలుగురుగా చీలి, లెక్కింపును ముగించెను. తన తర్కము ప్రస్తుతసందర్భమునకే పరిమిత మని గూడ పలికెను. తన టీకను మఱియొక గ్రంథమునకు వాడరాదని తానే కట్టడిచేసిన టీకాకారుని ఇచ్చటనే కన్నారము!

విశేషము. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధనసంస్థ యొకటి పత్రికల కోరికపై 1,75,010 తిరస్కృతపత్రములను పరీక్షింపగా, ఆ ఫలితములు 2001 నవంబరున వెలువడినవి. గోరు కోరిన కౌంటీలలో మాత్రమే తిరిగి లెక్కించినచో బుష్షే గెలిచియుండును. రాష్ట్రమందలి తిరస్కృతపత్రముల నన్నిటిని లెక్కించినచో కొద్ది ఓట్లతో గోరు గెలిచియుండును. ఆ రెండవ లెక్కింపును గోరు న్యాయస్థానమున అడుగనేలేదు.