వినేదొకరు, తేల్చేదొకరు, నిలబడేది మనం

తిరువూరుకి రైలు లేదు. ఓడరేవు అసలే లేదు. కాబట్టి మా జన్మకి బస్సే దిక్కు. బెజవాడ ఆసుపత్రికైనా, భద్రాచలం రాముడి దగ్గరికైనా, సత్తుపల్లి వియ్యంకుడి గుమ్మానికైనా ముందు బస్టాండు మెట్లెక్కాలి. ఆ బస్సు ఎవరిదన్న తగువు ఢిల్లీ దాకా వెళ్లొచ్చింది. ఎక్కేవాడి ఊసు మాత్రం ఊరి పొలిమేర కూడా దాటలేదు.

మొదట్లో బస్సు ప్రైవేటు కంపెనీలది. పేరు బస్సు నుదుట, పెత్తనం యజమాని చేత. నిండితేనే కదిలేది. నిండడమంటే సీట్లు నిండడం కాదు, క్లీనరు మనసు నిండడం. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచాయి. ఎత్తు వస్తే జనమే దిగి తోసేవారు. టికెట్టు కొన్నవాడే ఇంజనన్నమాట.

ఈ బాధ తీరుద్దామని సర్కారు నడుం కట్టింది. ప్రజాప్రయోజనం కోసం రాష్ట్రాలు పథకం వేసి రూట్లు తీసుకోవచ్చని 1956లో మోటారు వాహనాల చట్టంలో కొత్త అధ్యాయం చేరింది. అయితే అభ్యంతరాలు వినాలన్నారు. 1958 జనవరి 11న ఆర్టీసీ పుట్టింది. పాలు తాగే వయసులోనే అప్పటి మా కృష్ణా జిల్లా రూట్ల కోసం గుక్కపట్టింది. యజమానులు ఊరుకుంటారా? గుళ్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు సుప్రీంకోర్టుకెక్కారు.

అక్కడ బయటపడిన వింత ఏమిటంటే, అభ్యంతరాలు విన్నది రవాణా కార్యదర్శి, ఆమోదముద్ర వేసింది ముఖ్యమంత్రి. వినేదొకరు, తేల్చేదొకరైతే ఆ విచారణ ఉత్త తంతేనని 1958 నవంబరులో మెజారిటీ తీర్పు పథకాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసిన కోకా సుబ్బారావుగారు మన రాజమండ్రివారే. సర్కారు బుద్ధి తెచ్చుకుంది. ఈసారి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారే స్వయంగా కూర్చుని విన్నారు. ఓపిగ్గా విని, ముందనుకున్నదే ఖాయం చేశారు. 1959లో కోర్టు సరేనంది. చెవీ, కలమూ ఒకే మనిషివైతే చాలు. ఆ రెంటి మధ్యా మనసు మారి తీరాలని ఏ చట్టంలోనూ లేదు.

తర్వాత ఈ పథకాల బండి కర్నూలు వెళ్లింది. ముఖ్యమంత్రి తన ప్రత్యర్థుల బస్సులున్న రూట్లనే కక్షకొద్దీ ఏరించారని యజమానులు అఫిడవిట్లు వేశారు. ముఖ్యమంత్రి వైపు నుంచి ఖండిస్తూ ఒక్క కాగితమూ రాలేదు. 1964లో సుప్రీంకోర్టు పథకాన్ని కొట్టేసింది. సంజీవరెడ్డిగారు రాజీనామా చేశారు. ఇప్పటి నాయకులకి ఇది అభూత కల్పనలా అనిపించవచ్చు గానీ, నిజంగానే చేశారు. 1977లో రాష్ట్రపతి అయ్యారు. బస్సు దగ్గర దిగిపోయినవాడికి రాష్ట్రపతి భవన్‌లో సీటు దొరికింది. మనకి కిటికీ పక్క సీటుకే దిక్కులేదు.

ఆర్టీసీ పెరిగి పెద్దదై 1999లో గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది. అంత కష్టపడి ప్రైవేటు బస్సుల్ని వెళ్లగొట్టాక ఏం చేశారు? అద్దె బస్సుల పేరుతో పెరటి దారిన మళ్లీ పిలిచారు. బస్సు ప్రైవేటుది, రంగు ఆర్టీసీది. 2020 జనవరి 1న ఉద్యోగుల్ని ప్రభుత్వంలో కలిపారు. అంటే మొదట రూట్లు జాతీయమయ్యాయి, అరవై ఏళ్లకి మనుషులయ్యారు. ఇక మిగిలింది ప్రయాణికుడొక్కడే. వాడింకా ప్రైవేటు రంగంలోనే ఉన్నాడు: బస్సు రాకపోతే సొంత ఖర్చుతో షేరు ఆటో ఎక్కుతాడు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో ఆడవాళ్లకి ఉచితమన్నారు. మంచిదే. కానీ రాష్ట్రం దాటే బస్సుల్లో అది చెల్లదు. మాకేమో నాలుగడుగులేస్తే తెలంగాణ. స్త్రీ శక్తి బెజవాడ వైపు చూస్తే ఉంటుంది, సత్తుపల్లి వైపు తిరిగితే ఆవిరైపోతుంది.

ఇన్ని కేసుల్లోనూ వాది యజమాని, ప్రతివాది సర్కారు. ప్రయాణికుడు మాత్రం ‘ప్రజాప్రయోజనం’ అనే ఒక్క ముక్కలో ఇరుక్కుని, కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. పొద్దున బస్సు ఎందుకు తీసేశారని ఏ ఊళ్లో అడిగినా, కిటికీ వెనకాయన వింటాడు. పాపం, ఆయన చేతిలో ఏముంది? తేల్చేది ఎక్కడో ఉన్న కారాయన. యజమానులు 1958లోనే గెలుచుకున్న న్యాయం ఎక్కేవాడి దాకా ఇంకా రాలేదు.

అందుకని అయ్యలారా, మేం బస్సులు అడగడం లేదు. ఆ పాత తీర్పును మాకూ వర్తింపజేయమంటున్నాం. రూటు తీసే ముందు, టైము మార్చే ముందు, తేల్చే ఆయనే ఓసారి తిరువూరు బస్టాండుకి వచ్చి మా మాట వినాలి. రావడం మాత్రం బస్సులోనే రావాలి.