అన్నగారి చొక్కా, ఎఱ్ఱ బటన్

ఒక ఎఱ్ఱ బటన్ నాలుగు దినములు నా నిద్రను హరించినది. నీలి బటన్ స్టైలును మూడు చుక్కల స్ప్రెడ్డుతో క్రొత్త ఆబ్జెక్టులో పఱచి, దాని క్రింద రంగు ఎఱుపనియు, హోవర్ సమయమున ముదురెఱుపనియు రెండే రెండు పంక్తులు చేర్చితిని. బటన్ ఎఱ్ఱబాఱినది, కాని మౌసు సోకినంతనే నీలి బటన్‌కు పడుచుండిన చక్కని నీడ దీనికి పడదాయెను. నీడ వలదని నేనెపుడంటిని?

సీఎస్ఎస్‌కు ఏడు దోషములున్నవని 2014లో ఫేస్‌బుక్ ఇంజనీరు క్రిస్టఫర్ షెడో, జాతకము విప్పిన సిద్ధాంతివలె, ఒక సభలో ఏకరువుపెట్టెను. సమబలముగల రెండు క్లాసులు తగవులాడినపుడు, మనము వాటిని పేర్కొన్న వరుస చెల్లక, స్టైల్‌షీటులలో ఏది తరువాత వచ్చునో అదియే గెలుచుటయు, ఫైళ్లు దిగు క్రమము మాఱినచో ఆ గెలుపే మాఱుటయు అందొక దోషము. శాంతి జరిగినది, స్టైళ్లు జావాస్క్రిప్టునకు కాపురము వచ్చినవి. ఇచట మనము చెప్పిన కడపటి మాటదే గెలుపు. ఆ కడపటి మాట, చెప్పని పనిగూడ చేసిపెట్టుటయే నా మొఱ.

మా యింట ముగ్గురన్నదమ్ములము, నేను కనిష్ఠుఁడను. దసరాకు పెద్దన్నగారికి కుట్టించిన చొక్కా, ఎదుగుదలకని దర్జీ లోపల మడిచిన రెండంగుళముల గుడ్డతోగూడ, చిన్నన్నకు దిగి, అతని మోచేతులవద్ద చిరిగి, అతుకులుపడి, నా వంతునకు వచ్చుసరికి కాలరు త్రిప్పి కుట్టబడియుండెడిది. ఒకయేడు, పెన్ను పెట్టుకొనుటకు జేబులో సన్నని అఱ కావలెనని నేను మారాము చేయగా, దర్జీ పాతజేబునంతయు ఊడదీసి అఱ మాత్రము కుట్టి యిచ్చెను. పెన్ను నిలిచినది, వేరుసెనగకాయలు పోసికొను చోటు పోయినది. ఆ చొక్కా తరువాత దిండుగలీబై, అటుపిమ్మట మసిగుడ్డయై, అమ్మ దానితో అన్నపుగిన్నె దింపునాటికిని నా పెన్ను అఱ దానిని వదలలేదు.

స్ప్రెడ్డు ఆ దర్జీయే. పైపొరను మాత్రమే చూచును. హోవర్ అను జేబులో రంగును నీడయు నుండగా, నేనొక్క రంగు నిచ్చితినని జేబునే ఊడదీసినది. నేను వాడు ఎమోషన్ లైబ్రరీలో నీలి స్టైలును ఎఱ్ఱ స్టైలును ముందే కలిపివేయక, ఒకదాని వెనుక నొకటిగా పేర్చి యిచ్చినచో నీడ నిలుచునని నిన్నరాత్రి తెలిసినది. తెలిసినను కోపము చల్లారలేదు.

మొన్న సంక్రాంతికి పెద్దన్నగారు వచ్చుచు నాకొక క్రొత్త చొక్కా తెచ్చిరి. భుజములు జారుచున్నవి, తమ కొలతకే కొనినారు. నా కొలత తెలియవలసిన పని ఆయనకెన్నడును కలుగలేదు గదా. వదులని చెప్పలేదు. వేసికొని, అద్దము ముందు నిలిచి, అలవాటున జేబు తడిమితిని.